తేలే నీళ్ళు

బాపట్ల నుంచి చీరాల వైపు తీరం వెంబడి వెళుతుంటే రోడ్డుకీ సముద్రానికీ మధ్య ఇసుక మెరకలు కనిపిస్తాయి. సరుగుడు తోటలు, జీడిమామిడి, వేరుశనగ చేలు, మధ్యమధ్య ఆకుకూరల మళ్ళు, నారుమళ్ళు. ఆ మళ్ళ పక్కనే ఇసుకలో గరాటులాంటి గుంటలుంటాయి. పైన వెడల్పు, దిగేకొద్దీ ఇరుకు, అడుగున కాసిని నీళ్ళు. వీటినే దొరువులంటారు. రైతు రెండు చేతుల్లో రెండు కుండలు పట్టుకుని ఆ ఇసుక వాలు మీదుగా దిగుతాడు, ముంచుకుంటాడు, పైకెక్కి మొక్కల మొదళ్ళలో పోస్తాడు, మళ్ళీ దిగుతాడు. పొద్దున్నుంచీ ఇదే పని. గట్టు మీద నిలబడితే అలల హోరు వినిపించేంత దగ్గర సముద్రం. అయినా దొరువులో నీళ్ళు తాగొచ్చు.

ఎలా? ఎవరినడిగినా ‘ఇసుక వడకడుతుంది’ అంటారు. ఇది నిజం కాదు. ఇసుక బురదను ఆపుతుంది, ఆకుల చెత్తను ఆపుతుంది. నీళ్ళలో కరిగిపోయిన ఉప్పును ఎంత ఇసుకైనా ఆపలేదు. సముద్రపు నీళ్ళను కిలోమీటరు మందం ఇసుకలోంచి పంపినా అవతల ఉప్పునీళ్ళే వస్తాయి. దొరువులో ఉన్నది వడగట్టిన సముద్రం కాదు, నిరుడు కురిసిన వాన. అది ఇసుకలోకి దిగి, కిందనున్న ఉప్పునీటి మీద తేలుతోంది.

తీరప్రాంతపు భూగర్భజలాల కథంతా ఈ ‘తేలడం’ అన్న మాటలోనే ఉంది. లోపలి ప్రాంతాల్లో, అనంతపురంలోనో నల్లగొండలోనో, నేల కింద నీరు తరిగిందంటే బావి ఎండుతుంది. బోరులోంచి గాలి వస్తుంది. నష్టం కంటికి కనిపిస్తుంది. తీరంలో అలా కాదు. బావిలో నీళ్ళు ఉంటాయి, మోటారు వేస్తే ధార కూడా బాగానే పడుతుంది. కానీ అవి మన నీళ్ళు కావు. మనం తోడుకున్నంత మేరా సముద్రం వచ్చి నింపింది.

లీటరు మంచినీళ్ళ బరువు 1,000 గ్రాములు. లీటరు సముద్రపు నీళ్ళు దాదాపు 1,025 గ్రాములు. తేడా 25 గ్రాములే, అంటే నలభయ్యో వంతు. మన ప్రాణం ఈ నలభయ్యో వంతు మీదే ఆధారపడి ఉంది. తెప్ప నీటి మీద తేలాలంటే దానిలో కొంత భాగం మునగాలి కదా. తెప్పకీ నీటికీ బరువులో తేడా ఎంత తక్కువైతే అంత ఎక్కువ భాగం మునుగుతుంది. ఇసుకలోని మంచినీరూ అంతే. దాని పైమట్టం సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తులో ఉంటే, సముద్ర మట్టానికి కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుంది. పైన అరమీటరుంటే కింద 20 మీటర్లు. ఈ లెక్కను 19వ శతాబ్దం చివర డచ్చి సైనిక ఇంజనీరు బాడన్ గైబెన్ రాశాడు. ఆ సంగతి తెలియని జర్మన్ ఇంజనీరు హెర్జ్‌బర్గ్ ఉత్తర సముద్రంలోని నోర్డెర్నై దీవిలో నీటి కోసం బోర్లు వేయిస్తూ తనంతట తాను అదే లెక్క కనిపెట్టి 1901లో ప్రచురించాడు. భూగర్భజలాల పుస్తకాలన్నీ ఇద్దరి పేర్లూ కలిపే చెబుతాయి. అసలు నేలల్లో మంచినీటికీ ఉప్పునీటికీ మధ్య గీత గీసినట్టు హద్దు ఉండదు, చిక్కదనం మారుతూ పోయే ఒక పొర ఉంటుంది. నీరు కదులుతూ ఉంటుంది కాబట్టి లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది. అయినా మోటు లెక్కగా ఇది ఇప్పటికీ పనికొస్తుంది.

ఈ లెక్కను తిరగేసి చూస్తే భయం వేస్తుంది. పైన మట్టం ఒక్క జానెడు, అంటే 20 సెంటీమీటర్లు తగ్గితే, కింద ఉప్పునీరు క్రమంగా 8 మీటర్లు పైకి వస్తుంది. బావిలో చూసేవాడికి జానెడు తగ్గుదల కనిపిస్తుంది, ఎనిమిది మీటర్లు పోయిన సంగతి కనిపించదు.

దీన్ని కళ్ళకు కట్టినట్టు చూపించినవాడు ఆమ్‌స్టర్‌డామ్ నీటి సరఫరా అధికారి పెన్నింక్. ఆ నగరం 1853 నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బల నీటితో బతికింది. మన దొరువుల సూత్రమే, కాకపోతే గుంటల బదులు కాలువలు తవ్వారు. నగరం పెరిగింది, నీళ్ళు చాలలేదు. 1903లో దిబ్బల్లో లోతు బోర్లు దించి లోపలి నీటిని తోడడం మొదలుపెట్టారు. కింద అంత నీరుంటే తోడుకోవడానికేం అనుకున్నారు. అది తప్పని పెన్నింక్‌కు అనుమానం. ఒకవైపు అద్దం బిగించిన పెట్టెలో ఇసుక నింపి, అడుగున పాలు పోసి, పైన నీళ్ళు ఉంచాడు. పాలే ఎందుకంటే అవి నీళ్ళకంటే కాస్త బరువు, ఇంచుమించు సముద్రపు నీటి బరువు. పైగా తెల్లగా కనిపిస్తాయి. నీళ్ళలోకి దించిన గొట్టంలోంచి మెల్లగా తోడుతూ చూశాడు. అడుగున సమంగా పరుచుకుని ఉన్న పాలు సరిగ్గా గొట్టం కింద ఉబ్బాయి, గోపురంలా లేచాయి, కొస సన్నబడి గొట్టం మూతిని అందుకుంది. చుట్టూ మంచినీళ్ళు ఉండగానే గొట్టంలోకి పాలు వచ్చాయి.

ఆ గోపురమే తీరంలో బోరు వేయించిన ప్రతి రైతుకూ తెలిసిన అనుభవం. మోటారు వేసిన కొత్తలో నీళ్ళు తియ్యగా వస్తాయి. రెండు మూడు గంటలకు ఉప్పదనం తగులుతుంది. రాత్రంతా ఆపితే పొద్దున మళ్ళీ కాస్త తగ్గుతుంది. ఏటికేడాది ఆ తియ్యటి గంటలు తగ్గుతూ వస్తాయి. అప్పుడు చాలామంది చేసే పని బోరు ఇంకా లోతుకు దించడం. లోపలి ఊళ్ళలో అది కొంత ఫలిస్తుంది కాబట్టి ఇక్కడా ఫలిస్తుందనుకుంటారు. బోరు బండ్లవాళ్ళూ కాదనరు. తీరంలో ఇలా లోతుకు వెళ్ళడమంటే మంచినీటి తెప్పకు అడుగు నుంచి చిల్లు పెట్టుకోవడమే. కృష్ణా, గోదావరి డెల్టాల కింది భాగాల్లో ఇది మరీ నిజం. ఒకప్పుడు సముద్రం కిందే ఉన్న నేలలవి, లోతు పొరల్లో ఆనాటి ఉప్పు ఇంకా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట, బెజవాడ ఆనకట్ట వచ్చిన తర్వాత నూటయాభై ఏళ్ళకు పైగా కాలువల నీరు, మడుల నీరు ఇంకి పైన ఒక తియ్యటి పొరను నిలబెట్టాయి. అక్కడ చేతిపంపు తియ్యగానూ దాని పక్కనే లోతు బోరు ఉప్పగానూ ఉండటంలో వింతేమీ లేదు. రొయ్యల చెరువుల కోసం ఆ లోతు ఉప్పునీటిని పైకి తోడి నేల మీద నిలబెట్టినప్పుడు ఆ పలచటి పొరకు పైనుంచి కూడా ఉప్పు తగులుతోంది. చెరువు పక్క వరిచేను రైతు గోడంతా దీని గురించే.

ఉప్పు ఎంత చేరితే నీరు చెడుతుంది? సముద్రపు నీటి లీటరులో క్లోరైడు సుమారు 19,000 మిల్లీగ్రాములుంటుంది. తాగేనీటిలో 250 దాటకపోతే మంచిదని, వేరే దారి లేకపోతే 1,000 దాకా ఓర్చుకోవచ్చని మన దేశపు ప్రమాణం. నూరు బిందెల మంచినీటిలో రెండు బిందెల సముద్రం కలిసినా క్లోరైడు మొదటి గీత దాటిపోతుంది. అయిదారు బిందెలు కలిస్తే ఆ నీరు తాగడానికి పనికిరాదు. బావి చెడిపోవడానికి సముద్రమంతా రానక్కర్లేదు.

మీంజూరు సంగతి చెప్పాలి. చెన్నైకి ఉత్తరాన, ఆరణియార్, కొసస్థలై నదులు తెచ్చి పోసిన ఒండ్రు నేలలవి. ఈ నదులకు మనతో చుట్టరికం ఉంది. ఆరణియార్ చిత్తూరు వైపు కొండల్లో పుట్టి పిచ్చాటూరు జలాశయం మీదుగా తమిళనాడులోకి దిగుతుంది. నగరి నది వెళ్ళి కొసస్థలైలో కలుస్తుంది. పొన్నేరి, గుమ్మిడిపూండి పల్లెల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. నది పక్క ఒండ్రు అంటే నీటి గని. 1960ల రెండో సగంలో ఐక్యరాజ్యసమితి సాయంతో సర్వే జరిగింది, మీంజూరు, పంజెట్టి, తామరైపాక్కం దగ్గర బావుల క్షేత్రాలు వెలిశాయి. నీళ్ళు చెన్నై నగరానికీ మణలి పరిశ్రమలకూ వెళ్ళాయి. అదే నేల మీద రైతులు మూడు పంటల వరికి తోడుకుంటూనే ఉన్నారు. ఎవరి బోరు వారిది, ఎవరి లెక్క వారిది. కిందనున్న నీరు మాత్రం అందరిదీ ఒకటే.

1969 నాటికే తీరం నుంచి మూడు కిలోమీటర్ల లోపలి బావుల్లో ఉప్పు కనిపించింది. 1980లు గడిచేసరికి అది తొమ్మిది కిలోమీటర్ల దాకా వచ్చింది, ఆ తర్వాత పది దాటి ఇంకా లోపలికి నడిచింది. ‘నడిచింది’ అనడానికి కారణముంది. మట్టం సముద్రానికి ఎగువన ఉన్నంతకాలం నేలలోని మంచినీరు నెమ్మదిగా సముద్రం వైపు వాలుతూ ఉంటుంది, ఆ వాలే సముద్రాన్ని బయట ఆపుతుంది. సముద్రంలోకి పోయే ఆ కాస్త నీరు వృథా అని కొందరంటారు. అది కాపలా కూలి. మీంజూరులో మట్టం సముద్ర మట్టానికి కిందికి పోయింది. దాంతో వాలు తిరగబడింది, సముద్రమే ఊళ్ళ వైపు వాలింది.

అక్కడ ఏమీ చెయ్యలేదని అనను. నగర పరిసరాల్లో భూగర్భజలాల తోడకాన్ని అదుపు చేసే చట్టం 1987లో వచ్చింది. నదుల మీద అడ్డుకట్టలు కట్టారు. 2003 నుంచి తమిళనాడులో ఇంటింటా వాననీటి గుంటలు తప్పనిసరి అయ్యాయి. తెలుగుగంగ ఒప్పందం ప్రకారం ఏటా 12 టీఎంసీల కృష్ణా నీరు చెన్నైకి ఇవ్వాలి. ఆ నీరు 1996 నుంచి కండలేరు మీదుగా పూండికి చేరడం మొదలైంది. పూండి జలాశయం కొసస్థలై మీదే ఉంది. శ్రీశైలంలో నిలిచిన నీరు ఇంత దూరం ప్రయాణించి ఒక అలసిపోయిన నదిని ఆదుకోవాల్సి వచ్చింది. 2010లో మీంజూరు దగ్గర కాట్టుపల్లిలో సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసే కర్మాగారం మొదలైంది, రోజుకు పది కోట్ల లీటర్లు. వాన ఏటా ఉచితంగా చేసి పెట్టిన పనిని ఇప్పుడు కరెంటు పోసి చేస్తున్నాం. 2019 వేసవిలో చెన్నైకి నీటి రైళ్ళు నడిచినప్పుడు నాకు గుర్తొచ్చింది ఎండిన చెరువులు కాదు, ఈ ఒండ్రు నేలలే.

ఒకసారి ఉప్పు పట్టిన నేలను కడగడం ఎందుకంత కష్టం? భూగర్భజలం నదిలా పరిగెత్తదు. రోజుకు అడుగు కదిలితే వేగమే. పైగా నేలలోని బంకమట్టి సోడియాన్ని పట్టుకుని కూర్చుంటుంది, మంచినీరు వచ్చినా కొద్దికొద్దిగానే వదులుతుంది. చెడిపోవడానికి పట్టిన కాలం కంటే బాగుపడటానికి పట్టే కాలమే ఎక్కువ. ఒక్క తరం తోడుకున్న నీటికి తర్వాతి రెండు మూడు తరాలు అప్పు తీర్చాలి.

సముద్రం పెరుగుతోంది కదా, తప్పు దానిదే కదా అంటారు. పెరుగుతున్న మాట నిజమే. 1900 నుంచి ఇప్పటికి ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువే పెరిగింది. కానీ ఎడతెరిపి లేకుండా నడిచే బోర్లు నేలలో మట్టాన్ని కొన్నేళ్ళలోనే మీటర్ల కొద్దీ దించగలవు. ముందు మన మోటార్ల సంగతి చూసుకున్నాక సముద్రాన్ని తప్పుపట్టవచ్చు.

పోగొట్టుకున్న మట్టాన్ని మళ్ళీ నిలబెట్టుకున్నవాళ్ళు లేరా? కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో ఉన్నారు. నారింజ తోటల నేల, తర్వాత లక్షల ఇళ్ళ నేల అయింది. 1950ల మధ్యకు నీటిమట్టం సముద్రం కిందికి పడిపోయి ఉప్పు అయిదు మైళ్ళు లోపలికి వచ్చింది. కోర్టుకు వెళ్ళి ఎవరి వాటా ఎంతో తేల్చుకోవడం అక్కడ మామూలు పద్ధతి. వాళ్ళు ఆ దారి పట్టలేదు. 1933లోనే పెట్టుకున్న నీటి మండలి ఒకటి ఉంది. అది ప్రతి బోరు తోడే నీటినీ లెక్క రాయించింది. తోడిన నీటి కొద్దీ రుసుము వసూలు చేసి, ఆ డబ్బుతో బయటి నదుల నీరు కొని శాంటా ఆనా నది ఇసుకలో ఇంకించింది. ఎవరినీ తోడొద్దనలేదు. ఏటేటా ఒక శాతం ప్రకటిస్తారు, నీ అవసరంలో అంతమేరకు నేల నుంచి తోడుకో అని. అది దాటితే ఆ నీరు దూరం నుంచి కొని తెచ్చుకున్నంత ఖరీదు అవుతుంది. దాంతో దాటాలన్న ఆశే పోయింది.

రెండో పని ఇంకా గొప్పది. సముద్రం చొరబడే సందు దగ్గర వరసగా బావులు తవ్వారు. తోడటానికి కాదు, పొయ్యటానికి. 1970ల మధ్య నుంచి ఆ బావుల్లోకి బాగా శుద్ధి చేసిన మురుగునీటిని దించుతున్నారు. నేల లోపల ఆ సందుకు అడ్డంగా నీటి ఒత్తిడితో ఒక గట్టు లేచింది. సిమెంటు లేదు, రాయి లేదు, నీళ్ళే గట్టు. గట్టు మట్టం సముద్రం కంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఉప్పు అవతలే ఆగుతుంది. ఇవతలికి వాలిన నీరు మళ్ళీ జనం బావుల్లోకే చేరుతుంది. 2008లో ఈ శుద్ధి పనిని పెద్ద ఎత్తున కొత్తగా మొదలుపెట్టారు, రెండుసార్లు విస్తరించి 2023కి రోజుకు 13 కోట్ల గ్యాలన్లు, అంటే దాదాపు 49 కోట్ల లీటర్ల సామర్థ్యానికి తెచ్చారు. ఆ నీటిలో కొంత గట్టుకు వెళుతుంది, మిగతాది ఇంకుడు చెరువులకు వెళుతుంది.

అంత డబ్బు, అంత యంత్రాంగం మనకెక్కడివి అన్న మాట వస్తుంది, రావాలి కూడా. ఆమ్‌స్టర్‌డామ్‌కూ తేలిగ్గా కాలేదు. దిబ్బల్లోకి బయటి నుంచి నది నీరు తెచ్చి ఇంకించాలని పెన్నింక్ చెప్పాడు. రైన్ నది నీరు ఆ ఇసుకలోకి దిగింది 1957లో. పాల ప్రయోగానికీ ఆ నీటికీ మధ్య అరశతాబ్దం గడిచింది.

అందుకే నా మనసు మళ్ళీ దొరువు దగ్గరికే వెళుతుంది. దాన్ని వెనుకబాటుతనానికి గుర్తుగా చూసే అలవాటు మనకుంది. కొలిచి చూస్తే అది ఆ నేలకు సరిగ్గా అమరిన యంత్రం. వెడల్పాటి గుంట, లోతు తక్కువ, కాబట్టి పైపొర నీరే ఊరుతుంది. కుండతో ముంచే చేతికి ఒక హద్దుంటుంది, ఊట కంటే వేగంగా తోడలేదు. కింద గోపురం లేవదు. దాని కష్టాలూ తక్కువేం కావు. ఇసుక జారి గుంట పూడుతుంది, వేసవిలో ఇంకా తవ్వుకోవాలి, చేలో చోటు పోతుంది. అన్నిటికంటే కుండలు మోసే నడుము విరుగుతుంది. ఆ నడుము నొప్పి భరించలేకే రైతు మోటారు కోరుకున్నాడు. కోరుకోవడంలో తప్పు లేదు. అయిదు హార్స్‌పవర్ మోటారును ఒకే సన్నటి గొట్టానికి బిగించడంలోనే తప్పంతా ఉంది.

బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన పథకంలో పనిచేసిన వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ చిక్కును దొరువు దారిలోనే విప్పారు. సిమెంటు వరలు దించి ఒక చిన్న బావి కడతారు. నీటిమట్టానికి కాస్త కింద, ఆ బావిలోంచి రెండు మూడు దిక్కులకు చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టాలు పడుకోబెట్టి, ఇసుక చొరబడకుండా జాలీ చుట్టి పూడ్చేస్తారు. గొట్టాల పొడుగునా ఊరిన నీరు బావిలోకి చేరుతుంది, చిన్న మోటారు తోడి తుంపర సేద్యానికి ఇస్తుంది. ఒక్కచోట లోతుగా లాగాల్సిన నీటిని పదుల మీటర్ల పొడుగునా కొద్దికొద్దిగా లాగుతోంది కాబట్టి ఎక్కడా మట్టం పెద్దగా కుంగదు. కింద మజ్జిగ కదలకుండా వెన్నను పైపైన వేళ్ళతో తీసినట్టు. గుంట పైకి కనిపించదు, దాని మీదుగా పంట వేసుకోవచ్చు. దీన్ని మెరుగైన దొరువు అన్నారు. చేతి కుండకూ బోరు మోటారుకూ మధ్య ఇలాంటి దారి ఒకటుందని తెలియక చెడగొట్టుకున్న తీర గ్రామాలు ఎన్నో.

చట్టానికీ ఈ సూక్ష్మం తెలుసు. 2011 తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన, అక్కడ నివసించే స్థానికుల సొంత అవసరాలకు తప్ప, పోటు రేఖకు 200 మీటర్ల లోపల భూగర్భజలం తోడకూడదంది. 200 నుంచి 500 మీటర్ల మధ్య, వేరే నీరు లేని చోట, మామూలు బావుల్లోంచి చేతితో తోడుకోవచ్చంది. చేతితో అన్న మాట అక్కడ ఊరికే పెట్టలేదు. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం 2002 నుంచీ ఉంది, బోర్లు నమోదు చేయించుకోవాలని, బావికీ బావికీ దూరం ఉండాలని అంటుంది. కానీ ఉచిత కరెంటుతో నడిచే మోటారు రోజుకు ఎన్ని గంటలు తిరిగిందో, ఎంత తోడిందో రాసుకునేవారు లేరు. ఉచితాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆ కరెంటుతో ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి. లెక్క లేకపోవడమే నా బాధ. రైతులకు కొలవడం రాదనుకుంటే పొరపాటు. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో ఏడు కరువు జిల్లాల్లో రైతులే టేపులు పట్టుకుని బావుల మట్టాలు కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్న పథకం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే నడిచింది. అది రాతినేలల్లో. తీరంలో ఇంకో రెండు అంకెలు కావాలి.

ఒకటి ఉప్పు. వేలెడంత పరికరాన్ని గ్లాసు నీళ్ళలో ముంచితే విద్యుత్ వాహకత చూపిస్తుంది. నాలుక ఉప్పును పట్టుకునేలోపే అది పట్టుకుంటుంది. రెండోది ఎత్తు. మన బావుల రికార్డుల్లో ‘నేల నుంచి మూడు మీటర్ల లోతున నీరు’ అని రాసి ఉంటుంది. తీరంలో అంతమాత్రం చాలదు. ఆ నేల సముద్రానికి నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటే నీరు ఇంకా ఒక మీటరు పైన ఉన్నట్టు. రెండున్నర మీటర్ల ఎత్తులోనే ఉంటే సముద్రం అప్పటికే లోపలికి బయల్దేరినట్టు. అదే అంకె, ఒక ఊరికి ధైర్యం, ఇంకో ఊరికి ఆపద. కాబట్టి తీరంలోని ప్రతి పంచాయతీ బావి దగ్గరా సర్వేయరుతో ఒక్కసారి లెవెల్ పట్టించి, వర మీద సముద్ర మట్టం ఎక్కడికొస్తుందో అక్కడ ఎర్ర రంగుతో గీత గీయించాలని నా కోరిక. ఒక పూట పని, గుప్పెడు రంగు. ఆ తర్వాత నీళ్ళకొచ్చిన ప్రతి మనిషీ, చేద వేసే ముందు తొంగిచూసి, నీరు గీతకు ఎన్ని జానల పైన ఉందో తానే చెప్పగలడు.